నరకం, పాతాళం, మనవాళ్లున్న చోటు

మీరు అడిగింది ఇది: కథల్లో, సీరియళ్లలో, రాక్ పాటల్లో నరకాన్ని హాయిగా, సరదాగా గడిచే చోటుగా చూపించడం ఎందుకింత ఎక్కువగా కనిపిస్తోంది, అది దైవభయం తగ్గిపోయిన ఈ కాలపు వేళాకోళమేనా, లేక దానికి పాత మూలాలేమైనా ఉన్నాయా అని. నేను పదకొండేళ్లుగా విదేశీ సీరియళ్లకు తెలుగు డబ్బింగ్ మాటలూ సబ్‌టైటిళ్లూ రాస్తున్నాను. ఈ పనిలో ‘హెల్’ అన్న ఒక్క చిన్న మాట నన్ను పెట్టినంత ఇబ్బంది మరే మాటా పెట్టలేదు, నా జవాబు కూడా ఆ ఇబ్బందిలోంచి తేలినదే. ఇది ఈ కాలపు వేళాకోళం కాదు. కనీసం ఎనిమిది వందల ఏళ్లుగా ఉన్నది. పైగా మనం ఒకటే అనుకుంటున్న ఈ ‘హాయైన నరకం’లో నిజానికి ఒకదానితో ఒకటి పొసగని సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

పని మొదలుపెట్టిన కొత్తలో ఒక నాటకాభిమానుల బృందం ఓఫెన్‌బాక్ సంగీత ప్రహసనం ‘ఓర్ఫే ఓజాంఫేర్’ వీడియోను తెరమీద ప్రదర్శించాలనుకుని, దానికి తెలుగు సబ్‌టైటిళ్లు రాసిపెట్టమని నన్ను అడిగింది. 1858 అక్టోబరులో పారిస్‌లో మొదటిసారి ఆడిన ఆ ప్రహసనంలో దేవతలు తమ లోకంలో రోజూ అదే అమృతంతో, అదే దివ్యాహారంతో విసిగిపోయి తమ రాజైన జూపిటర్ మీద తిరగబడతారు. అతను కింది లోకానికి బయలుదేరుతున్నాడని తెలియగానే మమ్మల్నీ తీసుకెళ్లమని పిల్లల్లా వెంటపడతారు. చివరికి అందరూ ఆ కింది లోకంలోనే విందు చేసుకుంటారు. అక్కడ వాళ్లు ఆడే వెర్రివేగపు నాట్యానికి కట్టిన వరసే తర్వాతి కాలంలో కాన్‌కాన్ నాట్యానికి ప్రపంచమంతటా గుర్తుగా నిలిచిపోయింది.

నేను నిఘంటువును నమ్మి, పేరులో ఉన్న ‘ఆంఫేర్’ అనే ఫ్రెంచి మాటకు ‘నరకం’ అని రాశాను. దేవతలందరూ నరకానికి తీసుకెళ్లమని గోలపెట్టే ఘట్టంలో హాలు పగలబడి నవ్వాలి, కాని ఒక్కరూ నవ్వలేదు. ప్రదర్శన అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చి, “నరకానికి పోతామని దేవతలే అడగడమేమిటమ్మా, అక్కడ నూనెలో వేయిస్తారు కదా” అని నిజంగానే అర్థంకాక అడిగారు. ఆవిడ అడిగింది సబబే. రెండో ప్రదర్శన నాటికి నేను నరకాన్ని తీసేసి ప్రతి చోటా ‘పాతాళం’ అని మార్చాను. ఈసారి అదే ఘట్టంలో నవ్వు వచ్చింది.

ఎందుకు వచ్చిందో తర్వాత పురాణాలు తెరిచి చూస్తే బోధపడింది. విష్ణుపురాణం రెండో అంశలోని ఐదో అధ్యాయంలో నారదుడు పాతాళ లోకాలన్నీ తిరిగి స్వర్గానికి వెళ్లి, అక్కడివాళ్ల ఎదుటే, పాతాళం స్వర్గం కంటే రమ్యంగా ఉందని చెబుతాడు. అక్కడ పగలు సూర్యకిరణాలు వెలుగునిస్తాయి గాని వేడి పుట్టించవు, రాత్రి చంద్రుడు వెన్నెల కాస్తాడు గాని చలి పెట్టడు. వీణలూ వేణువులూ మృదంగాలూ మోగుతుంటాయి. తిని తాగి సుఖించే దానవులకు కాలం గడుస్తున్న సంగతే తెలియదు. భాగవతం ఐదో స్కంధమైతే ఈ కింది లోకాలను ‘బిలస్వర్గాలు’ అనే పేర్కొంది. రౌరవం మొదలైన నరకాల వర్ణన విష్ణుపురాణంలో దీని తర్వాతి అధ్యాయంలో, విడిగా వస్తుంది. శిక్ష పడే చోటు వేరు, భూమి కింద భోగాలతో విలసిల్లే చోటు వేరు. మనకు రెండింటికీ రెండు మాటలున్నాయి.

యూరప్ భాషల్లో ఈ రెండూ ఒకే మాట కిందికి చేరిపోయాయి. ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యం ‘ఈనియడ్’ ఆరో సర్గలో కింది లోకానికి దిగిన నాయకుడికి శిక్షలు పడే టార్టరస్ కేకలూ వినిపిస్తాయి, ఉత్తములు పచ్చిక మీద ఆడుతూ పాడుతూ గడిపే ఎలీసియమ్ కూడా కనిపిస్తుంది. క్రైస్తవం వచ్చాక కింది లోకమంటే శిక్షాస్థలమనే అర్థమే గట్టిపడింది, కాని ఆ పచ్చికలు జనం జ్ఞాపకంలోంచి పూర్తిగా చెరిగిపోలేదు. పద్నాలుగో శతాబ్దపు ఇటలీ కవి దాంతే సైతం తన నరకపు మొదటి వలయంలో హోమర్, అరిస్టాటిల్ వంటివారి కోసం ఏడు గోడల కోటనూ, దాని లోపల పచ్చని మైదానాన్నీ నిలిపాడు. కాబట్టి ఈనాటి కథకుడు నరకాన్ని విలాసంగా చూపించినప్పుడు చాలాసార్లు అతను కొత్తగా ఏమీ ధిక్కరించడం లేదు. మనం పాతాళం అనే చోటును, వేరే మాట లేక, నరకం పేరుతో పిలుస్తున్నాడు.

మీరు పాటల గురించి కూడా అడిగారు కనుక సంగీతం దగ్గర కాస్త ఆగుతాను. దాంతే నరకంలో ఏడుపులూ అరుపులూ ఉంటాయి గాని పాట ఉండదు. అక్కడి నుంచి బయటపడి, ఆత్మలు పాపాలు కడుక్కునే ప్రక్షాళన పర్వతం చేరాకే కసెల్లా అనే పాత స్నేహితుడు పాట అందుకుంటాడు. 1667లో వెలువడిన మిల్టన్ ‘ప్యారడైజ్ లాస్ట్’కు వచ్చేసరికి ఇది పూర్తిగా మారిపోయింది. పతనమైన దేవదూతల సభామందిరం మధురమైన వాద్యధ్వనుల మధ్య నేలలోంచి ఆవిరిలా పైకి లేస్తుంది. కొందరు ఒక లోయలో కూర్చుని తమ వీరగాథను హార్ప్ మీద పాడుకుంటూ ఉంటే, వింటున్నవాళ్లకు ఆ కాసేపూ నరకమే ఆగిపోయినట్టవుతుంది. ఆ కావ్యంలోంచి అందరూ ఎత్తిచూపేది స్వర్గంలో ఊడిగం కంటే నరకంలో ఏలడం మేలని సైతాను అనే మాటను. నాకు మాత్రం ఆ లోయలోని పాటే అసలైన ఘట్టమనిపిస్తుంది. ఏలికా లేదు, గర్వమూ లేదు, ఓడిపోయినవాళ్లు ఒకచోట చేరి పాడుకుంటున్నారు, అంతే. మూడు శతాబ్దాల తర్వాత రాక్ బృందాలు నరకం గురించి పాడిన పాటల్లో నాకు ఎక్కువగా వినిపించేది ఈ గొంతే.

‘హైవే టు హెల్’ పాటనే చూడండి. ఏసీ/డీసీ బృందం దాన్ని 1979లో విడుదల చేసింది. పేరు చూసి దాన్ని సైతాను పూజ అనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నెలల తరబడి ఇరుకు బస్సుల్లో కచేరీలకు తిరిగిన అలసటే ఆ పేరుకు మూలమని గిటారిస్టు ఆంగస్ యంగ్ చెప్పుకొచ్చాడు. పాటలో ఆ దారిన పోయేవాడు అక్కడి భోగాల గురించి పెద్దగా మాట్లాడడు. తన స్నేహితులు కూడా అక్కడే ఉంటారని చెప్పి సంతోషిస్తాడు. నేను ఆ పాటకు సబ్‌టైటిల్ రాసినప్పుడు మొదట దృష్టి పెట్టింది ధిక్కారం మీద, కాని సాహిత్యాన్ని వరసగా తెలుగులో పెట్టుకుంటూ పోతే చివరికి నిలిచింది స్నేహితుల సంగతే. పదమూడో శతాబ్దం నాటి ‘ఒకాసాన్, నికొలెత్’ అనే ఫ్రెంచి కథలో ఇదే మాట ఇంకా సూటిగా ఉంది. ప్రియురాలిని వదలకపోతే నరకానికి పోతావని బెదిరిస్తే ఆ కుర్రవాడు, స్వర్గానికి పోయేది పగలూ రాత్రీ గుడి పట్టుకుని పడి ఉండే ముసలి పూజారులే కదా, నరకానికైతే వీరులూ, అందగత్తెలూ, హార్ప్ వాయించేవాళ్లూ, గాయకులూ పోతారు, నికొలెత్ నా పక్కన ఉంటే నేనూ అక్కడికే పోతానంటాడు. ఆ చివరి షరతు గమనించారా? ఆమె పక్కన ఉంటేనే.

ఈ మాట రాస్తున్నప్పుడు నాకు స్వర్గారోహణ పర్వం గుర్తుకు రాకమానదు. ధర్మరాజు స్వర్గానికి వెళ్లి చూస్తే అక్కడ దుర్యోధనుడు వైభవంగా కూర్చుని ఉంటాడు, తమ్ముళ్లూ ద్రౌపదీ కర్ణుడూ కనిపించరు. వాళ్లున్నదే నాకు స్వర్గం, ఇది కాదని ఆయన పట్టుబడితే దేవదూత ఆయన్ను దుర్గంధం నిండిన చీకటి దారిలో నరకానికి తీసుకెళ్తాడు. భరించలేక వెనక్కి తిరగబోతుంటే, నీ ఒంటి మీదుగా వచ్చే గాలికి మాకు ఉపశమనంగా ఉంది, కాసేపు ఉండమని గొంతులు వేడుకుంటాయి. ఎవరు మీరని అడిగితే, నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి అంటూ ఒక్కొక్కరే పలుకుతారు. అప్పుడు ఆయన దూతతో, నువ్వు వెళ్లు, నేను ఇక్కడే ఉంటానని చెప్పేస్తాడు. నరకం అక్కడ హాయిగా లేదు, ఎంత మాత్రమూ లేదు. కాని ప్రపంచంలోని ‘హాయైన నరకం’ కథలన్నింటి వెనుకా ఉన్న న్యాయమైన ఫిర్యాదును ఇంత గంభీరంగా చెప్పిన చోటు నాకు మరొకటి తెలియదు: మనవాళ్లను బయట నిలబెట్టిన స్వర్గం మనకెందుకు? 2024లో సీరియల్‌గా వచ్చిన ‘హాజ్‌బిన్ హోటల్’ అనే యానిమేషన్ సంగీత కథలో, పైనుంచి దేవదూతలు ఏటా దిగివచ్చి పాపులను చంపుతుంటే, నరకపు రాకుమారి తనవాళ్లను బాగుచేసి కాపాడుకోవడానికి హోటల్ తెరుస్తుంది. రంగులూ పాటలూ బూతులూ పక్కన పెట్టి చూస్తే, ఆమెదీ అదే మొండితనం.

ఇక పూర్తిగా వేరే జాతి కథలున్నాయి, వాటిని వీటితో కలపకూడదు. వాటిలో నరకం అడిగిందల్లా ఇస్తుంది, అదే దాని శిక్ష. అమెరికన్ టీవీ సీరియల్ ‘ట్విలైట్ జోన్’లో 1960లో ప్రసారమైన భాగమొకదానిలో చచ్చిపోయిన దొంగకు తెల్లదుస్తుల మార్గదర్శి ఒకడు ఏది కోరితే అది ఇస్తాడు. జూదంలో ప్రతిసారీ గెలుపే. నెల తిరిగేసరికి వాడు పిచ్చెత్తిపోయి, ఈ స్వర్గం నాకు సరిపడదు, ఆ రెండో చోటికి పంపమంటాడు. ఇదే ఆ రెండో చోటు అని జవాబొస్తుంది. 1945లో పుస్తకంగా వచ్చిన సి.ఎస్. లూయిస్ ‘ది గ్రేట్ డివోర్స్’లోని బూడిదరంగు పట్టణంలో ఎవరికి కావలసిన ఇల్లు వాళ్లు ఊహించుకుంటే చాలు, ఏర్పడుతుంది, అందుకే పక్కవాడితో పడనప్పుడల్లా జనం ఇంకా దూరంగా ఇల్లు కట్టుకుని, చివరికి ఒకరికొకరు కోసుల దూరంలో మిగిలిపోతారు. బెర్నార్డ్ షా 1903 నాటి ‘మ్యాన్ అండ్ సూపర్‌మ్యాన్’ మూడో అంకంలో నరకం మర్యాదస్తుల విలాసస్థలం, స్వర్గానికీ దానికీ మధ్య అడ్డుగోడ కూడా లేదు. స్వర్గంలో విసుగెత్తిన సేనాధిపతి కిందికి వచ్చి స్థిరపడతాడు, నరకంలో విసుగెత్తిన డాన్ హువాన్ పైకి బయలుదేరతాడు. సంగీతం ఆ శాపగ్రస్తులకు బ్రాందీ లాంటిదని అతనే అంటాడు, ఆ మాట సంగీతాన్ని ప్రేమించే నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఓఫెన్‌బాక్ ప్రహసనంలో కూడా, దేవతలు పడిచచ్చే ఆ కింది లోకంలో అప్పటికే ఉన్న కథానాయిక యూరిడిసీ ఒంటరిగా గదిలో కూర్చుని విసిగిపోతూ ఉంటుంది. విందు బాగుండేది పదిమంది వచ్చాకే.

మన సినిమాల యమలోకం ఈ రెండింటిలో దేనికీ చెందదు. ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988) వంటి చిత్రాల్లో అది చిట్టాలు తప్పే ఒక కార్యాలయం. ‘యమగోల’ నాయకుడు యమభటుల చేత సమ్మె కూడా చేయిస్తాడు. అక్కడి హాస్యం అధికారం మీద, శిక్షల మీద కాదు. నా వృత్తిలో వీటి ప్రస్తావన తప్పదు, ఎందుకంటే కొమ్ములున్న పాత్ర తెర మీదికి రాగానే మన శ్రోత చెవి యముడి వికటాట్టహాసం కోసం ఎదురుచూస్తుంది.

నిరుడు ఒక యానిమేషన్ సీరియల్ డబ్బింగ్‌లో అదే ఎదురైంది. అప్పుడే చచ్చిపోయిన కుర్రవాడొకడు సంచీ పట్టుకుని నరకం గేటు ముందు నిలబడతాడు. లావుపాటి ద్వారపాలకుడు తలుపు తీసి ‘వెల్‌కమ్ టు హెల్’ అంటాడు. నేను ‘నరకానికి స్వాగతం’ అని రాశాను. ఎన్నో చిత్రాల్లో యముడికి గొంతు ఇచ్చిన పెద్దాయన మైకు ముందు నిలబడి, గది అదిరేలా నవ్వి ఆ మాట చెప్పారు. చెప్పాక హెడ్‌ఫోన్ తీసి, “అమ్మా, వీడు వాణ్ణి భయపెడుతున్నాడా, ఇంట్లోకి రమ్మంటున్నాడా? గొంతు ఎటు పెట్టమంటారు?” అని అడిగారు. తెర మీద చూస్తే పెదవులు కూడా కుదరడం లేదు. ‘హెల్’ దగ్గర నోరు తెరిచే ఉంటుంది, ‘స్వాగతం’ చివర సున్నా దగ్గర పెదవులు మూసుకుంటాయి. దగ్గరి షాట్‌లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మధ్యలో ఒక్కసారి పెదవులు కలిసి, చివర నోరు తెరుచుకునే మాట కావాలి, ఐదారు అక్షరాలు మించకూడదు. కాగితం మీద నాలుగైదు కొట్టేసి, చివరికి ‘రా, మనవాళ్లే’ అని రాసి ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు తనలో తాను చదువుకున్నారు, నవ్వు మానేశారు, మైకుకు కాస్త దగ్గరగా జరిగి, అర్ధరాత్రి తలుపు కొట్టిన తమ్ముణ్ణి లోపలికి పిలిచినంత మెల్లగా ఆ మాట చెప్పారు. రెండో టేక్ అవసరం పడలేదు.