రొమ్ము పరీక్షలో చేతికి తగిలేవన్నీ గడ్డలేనా? ఒక నర్సు సమాధానం

నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉన్న మీరు మూడు విషయాలు అడిగారు. రొమ్ము పరీక్ష చేసేటప్పుడు వేళ్లకు అన్నీ గడ్డల్లాగే తగులుతున్నాయి, వాటిలో ఏది మామూలు, ఏది కాదు అని ఎలా తెలుసుకోవాలి? చూసినదాన్ని రికార్డులో ఎలా రాయాలి? ప్రతి నెలా స్వయంగా పరీక్షించుకోమని స్త్రీలకు నేర్పాలా, వద్దా? రొమ్ము సమస్యలతో ఔట్‌పేషెంట్‌కు వచ్చేవారిని వైద్యుడికంటే ముందు చూసే గదిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి, ఆ అనుభవంతోనే చెబుతాను.

ముందుగా మీ మీద ఉందనుకుంటున్న ఒక భారాన్ని దించేయాలి. రొమ్ములో తగిలినది ఏమిటో తేల్చడం వేళ్ల వల్ల అయ్యే పని కాదు. అనుభవజ్ఞుడైన సర్జన్ వేళ్ల వల్ల కూడా కాదు. చేతి పరీక్ష, అల్ట్రాసౌండ్ లేదా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అవసరమైతే సూదితో ముక్క తీసి చేసే బయాప్సీ, ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడే అది తేలుతుంది. దీన్నే ట్రిపుల్ అసెస్‌మెంట్ అంటారు. మూడింటి ఫలితాలూ ఒకదానితో ఒకటి పొసగకపోతే మళ్లీ వెతుకుతారు తప్ప మెజారిటీ లెక్క చూసి సరిపెట్టుకోరు. నర్సుగా మన పని ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించడం, తరువాత చూసే మనిషి నేరుగా అదే చోట వేలు పెట్టగలిగేంత స్పష్టంగా రాయడం. పేరు పెట్టాలన్న తొందర మానుకుంటే పరీక్ష దానంతటదే మెరుగుపడుతుంది.

చేయి వేయకముందే సగం సమాచారం మాటల్లో దొరుకుతుంది. ఎప్పుడు గమనించారు, నెలసరికి ముందు పెరిగి తరువాత తగ్గుతోందా, దెబ్బ తగిలిందా, పాలిస్తున్నారా, గర్భమా, ఏ మందులు వాడుతున్నారు, చివరి నెలసరి ఏ తేదీన మొదలైంది అని అడగండి. కుటుంబంలో క్యాన్సర్ గురించి అడిగితే చాలామంది తల్లి, పిన్ని, అమ్మమ్మ దగ్గరే ఆగిపోతారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లోని లోపం తండ్రి నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది కనుక మేనత్తల గురించి, నాయనమ్మ గురించి, అండాశయ క్యాన్సర్ గురించి విడిగా అడగాలి. నెలసరి ఉన్నవారికి అది మొదలైన తరువాత 5 నుంచి 10 రోజుల మధ్య రొమ్ము అన్నింటికంటే మెత్తగా, నొప్పి తక్కువగా ఉంటుంది. నెలసరికి ముందు వచ్చినవారిలో రెండు వైపులా బరువు, పోటు, అక్కడక్కడా గట్టిదనం మాత్రమే ఉంటే ఆ రోజుల్లో మళ్లీ రమ్మనవచ్చు. అయితే విడిగా తెలిసే గడ్డ ఉన్నప్పుడు నెలసరి పేరు చెప్పి వాయిదా వేయకూడదు.

పరదా వేసి, ఏం చేయబోతున్నారో చెప్పి, అనుమతి తీసుకుని, చేతులు వెచ్చబరచుకుని మొదలుపెట్టండి. గడ్డ ఉందని వచ్చినవారిని ముందు ఆమె వేలితోనే ఆ చోటు చూపించమనండి. ఆమెకు నాలుగు నెలలుగా తెలిసిన చోటును మనం రెండు నిమిషాల్లో వెతికి పట్టుకోవాలన్న పంతం దేనికి? ఆ తరువాత బాగున్న వైపు మొదట పరీక్షిస్తే ఆమె రొమ్ము సహజంగా ఎలా ఉంటుందో మీ వేళ్లకు తెలుస్తుంది.

విద్యార్థులు ఎక్కువగా దాటేసేది కంటితో చూడటాన్ని. కూర్చోబెట్టి నాలుగు భంగిమల్లో చూడాలి: చేతులు పక్కన వదిలేసి, తల మీదికెత్తి, నడుము మీద గట్టిగా నొక్కి, ముందుకు వంగి. ఒక రొమ్ములో ఏదో బరువుగా ఉందని మాత్రమే చెప్పిన యాభై దాటిన ఒకామె నాకు బాగా గుర్తు. మామూలుగా కూర్చున్నప్పుడు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. నడుము మీద చేతులు నొక్కమనగానే ఎడమ రొమ్ము కింది భాగంలో వేలి కొన పట్టేంత చిన్న సొట్ట పడింది. చేతులు వదిలేయగానే మాయమైంది. రొమ్ములోని కూపర్ స్నాయువులు చర్మాన్ని లోపలి కణజాలంతో కలిపి ఉంచుతాయి. గడ్డ వాటిని పట్టి లాగుతున్నప్పుడు ఛాతీ కండరం బిగుసుకుంటే ఆ లాగుడు చర్మం మీద బయటపడుతుంది. ఆమెకు ఆ చోట వేళ్లతో వెతికితే లోతుగా గట్టిదనం తగిలింది, తరువాత బయాప్సీలో క్యాన్సరని తేలింది. కళ్లు చెప్పకపోతే వేళ్లు అంత లోతుకు వెళ్లేవి కావేమో.

చర్మం నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా కనబడటం, ఎర్రదనం, పుండు, ఒక వైపే ఉబ్బిన సిరలు, ఇవన్నీ చూసేటప్పుడే దొరకాలి. చనుమొన లోపలికి ఉంటే ఎప్పటినుంచి అన్నదే అసలు ప్రశ్న. చిన్నప్పటినుంచి రెండు వైపులా అలాగే ఉండి, వేలితో తీస్తే బయటికి వచ్చేది చాలావరకు సహజం. ఈ మధ్యే ఒక వైపు లోపలికి లాగినట్లయితే అది వైద్యుడికి చెప్పాల్సిన విషయం. పొక్కులు, పొట్టు విషయంలో కూడా అంతే. సాధారణ ఎగ్జిమా తరచుగా రెండు వైపులా వస్తుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం మీదే ఎక్కువగా కనబడుతుంది. పాజెట్ వ్యాధి అనే క్యాన్సర్ రూపం ఒక వైపే, చనుమొన మీదే మొదలై బయటికి పాకుతుంది. పూత మందులు మార్చుకుంటూ నెలల తరబడి గడిపి వచ్చినవారిని చూశాను కాబట్టి, ఒక వైపు చనుమొన మీద మానని పొట్టు కనబడితే ఎన్నాళ్లనుంచి, ఏ మందు వాడారు అన్నది ఎర్ర సిరాతో రాస్తాను.

ఇక చేతి పరీక్ష. వెల్లకిలా పడుకోబెట్టి, పరీక్షించే వైపు భుజం కింద చిన్న దిండు పెట్టి, ఆ చేతిని తల మీదికి పెట్టించండి. అప్పుడు రొమ్ము ఛాతీ మీద పలచగా పరుచుకుంటుంది. మూడు నడిమి వేళ్ల మెత్తలతో, కొనలతో కాదు, చిన్న చిన్న వలయాలు తిప్పుతూ ఒక్కో చోట మూడు ఒత్తిళ్లు ఇవ్వాలి: చర్మం కిందికి తేలికగా, మధ్య పొరకు కాస్త గట్టిగా, పక్కటెముకలు తగిలేదాకా లోతుగా. చంక మధ్య నుంచి రొమ్ము ఎముక మధ్య దాకా, కాలర్ ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా, నిలువు చారలుగా, వేళ్లు ఎత్తకుండా పైకీ కిందికీ వెళ్లాలి. చనుమొన చుట్టూ గుండ్రంగా తిరిగే పద్ధతిలో అంచులు వదిలిపోయే అవకాశం ఎక్కువ. రొమ్ము కణజాలం చంకలోకి తోకలా సాగుతుంది. ఆ తోక, దాన్ని ఆనుకుని ఉండే పై బయటి పావుభాగం అసలు వదలకూడదు. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు సగం అక్కడే మొదలవుతాయి. శ్రద్ధగా చేస్తే ఒక్కో వైపుకు కనీసం మూడు నిమిషాలు పడుతుంది. అరనిమిషంలో ముగిసిందంటే పరీక్ష జరగలేదనే లెక్క.

మీకు అన్నీ గడ్డల్లా తగలడానికి కారణం రొమ్ము సహజంగానే ముడులు ముడులుగా ఉండటం. పై బయటి భాగంలో గ్రంథి కణజాలం ఎక్కువ కాబట్టి అక్కడ మరీ గరుకుగా తగులుతుంది. కింది మడత వెంట అడ్డంగా ఒక గట్టి కట్ట తెలుస్తుంది, అది రొమ్ము బరువు వల్ల ఏర్పడే సహజమైన అంచు. లోతుగా నొక్కినప్పుడు పక్కటెముక కూడా గడ్డలా భ్రమ కలిగిస్తుంది. రొమ్మును పక్కకు జరిపి చూడండి, ఎముక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సందేహం వచ్చిన ప్రతిసారీ రెండో రొమ్ములో సరిగ్గా అదే చోట చూడండి. రెండు వైపులా ఒకేలా ఉంటే చాలావరకు అది ఆమె శరీర స్వభావం. ఒక వైపే ఉండి, అంచు గీసి చూపగలిగేలా చుట్టుపక్కల నుంచి వేరుగా తెలిసి, మూడు కొలతల్లో పట్టుకోగలిగితే దాన్ని గడ్డగానే రాయండి.

తరచుగా కనబడే గడ్డలకు కొన్ని పోలికలు ఉన్నాయి. పదిహేను నుంచి ముప్ఫై అయిదేళ్ల వారిలో నున్నగా, రబ్బరు గట్టిదనంతో, నొప్పి లేకుండా వేళ్ల కింద జారిపోయేది ఎక్కువగా ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ. ముప్ఫై అయిదు నుంచి యాభై మధ్య హఠాత్తుగా వచ్చి, నొక్కితే నొప్పి పెట్టి, నెలసరితో పాటు పెరిగి తగ్గేది నీరు నిండిన తిత్తి కావచ్చు. దెబ్బ తగిలిన చోటో, శస్త్రచికిత్స జరిగిన చోటో కొవ్వు చెడి గట్టిపడితే అది అచ్చం క్యాన్సర్‌లాగే గట్టిగా, చర్మాన్ని లాగుతూ కూడా కనబడుతుంది. ఇటు చూస్తే, నున్నగా కదులుతూ ఫైబ్రోఅడినోమాలా భ్రమింపజేసే క్యాన్సర్లూ ఉన్నాయి. వయసు, గట్టిదనం, కదలిక చూసి ఊహించడం తప్పు కాదు గాని, ఆ ఊహను రోగికి హామీగా ఇవ్వడం తప్పు. గడ్డ లేకుండా నొప్పి మాత్రమే ఉన్నప్పుడు క్యాన్సర్ అరుదు. అలాంటివారికి అది హార్మోన్ల వల్ల వచ్చే నొప్పి కావచ్చని ధైర్యం చెప్పవచ్చు, కానీ పరీక్ష పూర్తయ్యాకే చెప్పాలి.

పాలిచ్చే తల్లి ఒక వైపు ఎర్రగా, వేడిగా, జ్వరంతో వస్తే అది మాస్టైటిస్, అంటే రొమ్ము వాపు, కావడమే ఎక్కువ. చాలాచోట్ల ఇంకా గట్టిగా పిసికి పాలు పూర్తిగా తీసేయమని చెబుతున్నారు; 2022 నుంచి తల్లిపాల వైద్య నిపుణుల మార్గదర్శకాలు అందుకు భిన్నంగా ఉన్నాయి. గట్టి మర్దన వాపును పెంచుతుంది, అదనంగా పాలు తీయడం ఉత్పత్తిని పెంచుతుంది. బిడ్డకు ఎప్పటిలాగే పాలివ్వడం, చల్లటి కాపడం, నొప్పి మందు, బ్యాక్టీరియా సోకిందని వైద్యుడు నిర్ణయిస్తే యాంటీబయాటిక్, ఇదీ ఇప్పటి క్రమం. మెత్తబడి లోపల కదులుతున్నట్టు తెలిస్తే చీముగడ్డ అనుమానించి అల్ట్రాసౌండ్‌కు పంపాలి. నాకు భయం కలిగించేది మాత్రం వేరే ఉంది. యాంటీబయాటిక్ కోర్సు ముగిసినా ఎర్రదనం తగ్గకుండా, చర్మం మందమై రొమ్ములో మూడో వంతుకు పైగా పాకిందంటే అది ఇన్‌ఫ్లమేటరీ క్యాన్సర్ కావచ్చు. దానిలో విడిగా గడ్డ తగలకపోవచ్చు కూడా. రెండో కోర్సు, మూడో కోర్సు మందులతో కాలం గడపకుండా వైద్యుడిని బయాప్సీ గురించి అడగడం నర్సు పరిధిలోని పనే.

స్రావం విషయంలో నాలుగు ప్రశ్నలు చాలు: తనంతట తానే కారుతోందా లేక పిండితేనా, ఒక వైపా రెండు వైపులా, ఒక రంధ్రం నుంచా పలు రంధ్రాల నుంచా, ఏ రంగు. తెల్లటి గాజుగుడ్డ మీద అద్ది చూస్తే రంగు విషయంలో వాదన ఉండదు. చనుమొన చుట్టూ గడియారం వరుసలో ఒక్కో చోట వేలితో నొక్కుతూ వెళితే ఏ చోట నొక్కినప్పుడు చుక్క వస్తోందో తెలుస్తుంది, ఆ చోటు రాయండి. రెండు వైపులా పాలలాంటిది వస్తుంటే గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) పరీక్షలతో పాటు మందుల చీటీ చూడాలి. మానసిక సమస్యలకు ఇచ్చే రిస్పెరిడోన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ వంటివి దానికి కారణమవుతాయి. ముట్లుడిగే వయసులో పలు రంధ్రాల నుంచి వచ్చే ఆకుపచ్చటి జిగురు ఎక్కువగా నాళాలు వెడల్పవడం వల్లనే. ఒకే రంధ్రం నుంచి దానంతటదే వచ్చే రక్తం లేదా నీళ్లలాంటి స్రావానికి తరచుగా నాళంలోని పాపిల్లోమా (సాధారణంగా క్యాన్సర్ కాని చిన్న కండ) కారణమైనా, క్యాన్సర్ లేదని తేల్చాకే ఆ మాట అనాలి. ఇంటికి వెళ్లి రోజూ పిండి చూసుకోవద్దని మాత్రం అందరికీ చెప్పండి, పిండటమే స్రావాన్ని కొనసాగిస్తుంది.

చంకలో బిళ్ళల (వాచిన శోషరస గ్రంథుల) కోసం కూర్చోబెట్టే చూడాలి. ఆమె ఎడమ చేతి బరువును మీ ఎడమ చేతి మీద వేయించుకుని, కుడి చేతి వేళ్లను చంక పైకొస దాకా పోనిచ్చి, ఛాతీ గోడకు ఆనిస్తూ కిందికి తీసుకురండి. ముందు మడత, వెనుక మడత, చేతి లోపలి వైపు వేరువేరుగా చూడండి. కాలర్ ఎముక పైన, కింద కూడా తప్పక చూడండి.

రికార్డు గురించి. “ఎడమ రొమ్ములో చిన్న గడ్డ” అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. నేను రాసే తీరు ఇది: “ఎడమ రొమ్ము, గడియారంలో 2 గంటల స్థానం, చనుమొన నుంచి 4 సెం.మీ. దూరంలో, 2 × 1.5 సెం.మీ. గడ్డ; గట్టిగా, అంచు అస్పష్టంగా, కొద్దిగా కదులుతోంది, నొప్పి లేదు; పైచర్మం మామూలుగా ఉంది, స్రావం లేదు; ఎడమ చంకలో 1 సెం.మీ. గట్టి బిళ్ళ ఒకటి, కదులుతోంది. రోగి 3 వారాల క్రితం గమనించారు.” కుడి రొమ్ముకు బయటి వైపు 9 గంటలు, ఎడమకు 3 గంటలు అవుతాయి కాబట్టి వైపు రాయకుండా గంటలు మాత్రమే రాస్తే అర్థం తారుమారవుతుంది. మీకు ఏమీ తగలకపోయినా ఆమె చూపించిన చోటును అలాగే రాయండి. స్కానింగ్ చేసేవారికి ఆ ఒక్క వాక్యం ఎంతో సాయం.

రోగి మొదటి ప్రశ్న “ఇది క్యాన్సరా?” అనే ఉంటుంది. “ఏమీ కాదమ్మా” అనడం దయగా అనిపిస్తుంది, కానీ ఆ మాట పట్టుకుని స్కానింగ్‌కు వెళ్లనివారు ఉంటారు. “రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు, మీదేమిటో చేతితో తెలియదు, అందుకే ఈ పరీక్ష” అని చెప్పి, తేదీ చేతికిచ్చి, ఆ రోజు రాకపోతే ఫోన్ చేసేలా జాబితాలో పేరు ఎక్కించండి. మగవారు వస్తే కూడా ఇదే పద్ధతి. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు 1 శాతం వారిలోనే వస్తాయి, చనుమొన వెనుక ఒక వైపు గట్టి గడ్డను కొవ్వని వదలకూడదు.

స్వయం పరీక్ష సంగతి. షాంఘైలో 2,66,000 మందికి పైగా స్త్రీల మీద జరిగి 2002లో ప్రచురితమైన అధ్యయనంలో, నెలనెలా పద్ధతిగా పరీక్షించుకోవడం నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదు, అనవసర బయాప్సీలు మాత్రం పెరిగాయి. అందుకే ఇప్పుడు లెక్క ప్రకారం చేసే పరీక్షకు బదులు, తన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉండటం, మార్పు కనబడగానే రావడం నేర్పుతున్నారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తల చేతి పరీక్ష సంగతి వేరు. ముంబైలో 1,50,000 మందికి పైగా స్త్రీలతో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, మొత్తం మీద మరణాల తగ్గుదల నిర్ధారణ కాలేదు గాని, యాభై దాటినవారిలో దాదాపు 30 శాతం తగ్గాయి. మామోగ్రామ్ అందని చోట మీ మూడు వేళ్లకు ఉన్న విలువ అది. మామోగ్రామ్ అందేచోట కూడా అది సుమారు ఎనిమిది క్యాన్సర్లలో ఒకదాన్ని పట్టుకోలేదు కనుక, రిపోర్టు మామూలుగా వచ్చినా చేతికి గడ్డ స్పష్టంగా తగులుతుంటే ఫైలు మూయకుండా అల్ట్రాసౌండ్‌కు, వైద్యుడి దగ్గరికి పంపండి.