కోడ్‌షేర్ టికెట్‌కి మైల్స్ ఎవరి లెక్కన పడతాయి?

టికెట్ మీద యునైటెడ్ ఫ్లైట్ నంబరు, ఎక్కేది లుఫ్తాన్సా విమానం (దీన్నే కోడ్‌షేర్ అంటారు), మరి ప్రయాణానికి పాయింట్లలా ఇచ్చే మైల్స్ ఎవరిస్తారని కదా మీ ప్రశ్న. 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాద్ లుఫ్తాన్సా మొదలయ్యాక మనవాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు. రెండూ స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలోవే, కాబట్టి ఏ సంస్థ మైల్స్ ప్రోగ్రామ్‌లోనైనా వేయించుకోవచ్చు, కాకపోతే ఒక్కదాంట్లోనే. తిరకాసంతా ఎన్ని పడతాయన్న దగ్గరే.

అమ్మానాన్నల్ని డల్లాస్ పిలిపించినప్పుడు నాకు ఇది బాగా తెలిసొచ్చింది. పేరెందుకు గానీ, ఓ కోడ్‌షేర్ టికెట్ చవగ్గా దొరికితే కొనేశాను. డబ్బు కట్టింది నేనే కదా, మైల్స్ నాకే అనుకున్నా. కాదు, ఎక్కినవాళ్ళవేనట! సరే, ఇద్దరికీ ఖాతాలు తెరిచాను. నెల దాటినా ఒక ఫ్లైట్‌కి ఏమీ పడలేదు. ప్రోగ్రామ్ వాళ్ళని అడిగితే, మా బుకింగ్ క్లాస్ అక్షరానికి (టికెట్ ధర ఏ రకమో చెప్పే అక్షరం అది) వాళ్ళ పట్టికలో సున్నా అన్నారు. ఎకానమీ అంటే అంతా ఒకటే అనుకుంటాం గానీ లోపల బోలెడు అక్షరాలుంటాయి. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి దూరమంతా లెక్కకొస్తే, ఇంకొకరికి పావు వంతు కూడా రాకపోవచ్చు. పెట్టే ఉప్మా మాత్రం ఒకటే. పైగా నంబరు ఇచ్చిన సంస్థ అక్షరం, విమానం నడిపే సంస్థ అక్షరం వేరుగా ఉండొచ్చు. పట్టికలో దేన్ని చూడాలో కొనేముందే అడగండి.

మీ ఈ-టికెట్ నంబర్‌లో మొదటి మూడంకెలు కూడా చూసుకోండి. 016 అంటే యునైటెడ్ ఇచ్చిన టికెట్, 220 అంటే లుఫ్తాన్సాది. లుఫ్తాన్సా విమానం ఎక్కి యునైటెడ్ వాళ్ళ ప్రోగ్రామ్ మైలేజ్‌ప్లస్‌లో వేయించుకుంటే, 016 టికెట్‌కి పన్నులు పోను కట్టిన ధరను బట్టి ఇస్తారు. 220 అయితే దూరం, బుకింగ్ క్లాస్ చూస్తారు. చవక టికెట్ మీద దూరం వెళ్ళేవాళ్ళకి ఒక్కోసారి రెండోదే లాభం, అదీ ఆ అక్షరం పట్టికలో ఉంటేనే.

ఇంకో మాట, ఇది మన తెలుగువాళ్ళకి బాగా ఎదురయ్యే చిక్కు. ఇద్దరి ఖాతాల్లోనూ ఇంటిపేరుకి ఒక్క అక్షరమే పెట్టాను, పాస్‌పోర్టుల్లో మొత్తం ఉంది. పేర్లు కలవక తిరుగు ప్రయాణం మైల్స్ కూడా ఆగిపోయాయి. పాస్‌పోర్టు కాపీ, బోర్డింగ్ పాస్ ఫోటో పంపాక నాన్నవి పడ్డాయి. అమ్మ బోర్డింగ్ పాస్ అప్పటికే చెత్తబుట్టలోకి వెళ్ళింది. ఆవిడవి ఇంకా రాలేదు.