రాకెట్ లైవ్‌కి పిలకాయల్ని పిలిచే ముందు ఇది ఒకసారి చదువు బుజ్జమ్మా

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో చెప్పావు కదా, ఈసారి రాకెట్ లాంచ్ లైవ్ మీ అపార్ట్‌మెంట్లో పిలకాయలందరికీ మీ హాల్లోనే పెద్ద టీవీలో చూపిస్తానని, వినంగానే బో సంతోషమైంది. కానీ ఆ తర్వాత "ఏముంది పెద్దమ్మా, టీవీ పెట్టడమే కదా" అన్నావు చూడు, ఆడే నాకు భయమేసింది. ఎందుకంటే నేనూ సరిగ్గా అదే మాట అనుకున్నా, 2023 లో.

సూళ్ళూరుపేటలో ముప్పై ఏళ్ళ పైన ఉండాం కాబట్టి మాకు రాకెట్ అంటే మిద్దె ఎక్కి చూసేది, శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ నుంచి వెలుగు లేస్తుంది, అది పైకి పోయిన నిమిషం దాటాక చప్పుడొచ్చి కిటికీ రెక్కలు దడదడలాడతాయి, అదీ మాకు తెలిసిన లైవ్. చంద్రయాన్-3 మాత్రం దిగింది చంద్రుడి మీద, అది మిద్దె మీంచి కనపడదు కదా, అందుకని ఆగస్టు 23 సాయంత్రం వీధిలో పిలకాయల్ని పద్నాలుగు మందిని మా హాల్లో కూర్చోబెట్టా. 5 గంటల 44 నిమిషాలకి దిగడం మొదలైంది, 6 గంటల 4 నిమిషాలకి దిగిపోయింది, పిలకాయలు సోఫాల మీద ఎగిరిన ఎగురుడు నేను జన్మలో మర్చిపోను. ఆ సంతోషంలో నేను బజ్జీల నూనె చూసుకుందామని వంటింట్లోకి పోయా. పది నిమిషాలే. తిరిగొచ్చేసరికి లైవ్ అయిపోయి, దానంతట అదే ఇంకో వీడియో, దాని తర్వాత ఇంకోటి వచ్చి ఏదో దయ్యాల వీడియో ఆడతా ఉండాది, పెద్దపిలకాయలు నవ్వతా చూస్తా ఉండారు, పక్కింటి ఆరేళ్ళ పాప మాత్రం దిండు మొహానికి అడ్డం పెట్టుకొని కూర్చోనుండాది. వారం రోజులు ఆ పాప రాత్రిళ్ళు లైటు తీయనీలేదంట. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అన్లేదు, అదే ఇంకా బాధ.

అందుకే చెప్తా ఉండా, రాకెట్‌లో ఏ గొడవా లేదు. గొడవంతా దాని ముందూ వెనకా పక్కనా వచ్చే వాటితోనే. కాబట్టి మొదటి పని, రిమోట్ మనిషి ఒకరు ఉండాలి. మొదలు పెట్టినప్పటి నుంచి ఆఖరి పిల్లాడు ఇంటికి పోయేదాకా రిమోట్ ఆ మనిషి చేతిలోనే ఉండాలి, ఆ మనిషి వంటింట్లోకి పోకూడదు, తలుపు తీయడానికి కూడా లేవకూడదు. నువ్వు ఉంటే మీ ఆయన వడ్డించాలి, ఆయన ఉంటే నువ్వు. ఇద్దరు పెద్దోళ్ళు లేకుండా మాత్రం పిలవనే పిలవొద్దు.

రెండోది లింకు. ఇది లాంచ్ రోజు పిలకాయల ముందు కూర్చొని వెతికేది కాదు, ముందు రోజే పట్టి పెట్టుకోవాలి. ఇస్రో వెబ్‌సైట్లోకి పోయి ఆడ ఇచ్చిన లింకు నుంచే తెరువు, సెర్చ్‌లో "రాకెట్ లైవ్" అని కొడితే పాత లాంచ్‌ల వీడియోల మీద లైవ్ అని రాసి పెట్టేవాళ్ళు, యానిమేషన్ బొమ్మలు ఆడించి అదే నిజం అన్నట్టు చూపించేవాళ్ళు బోలెడు మంది ఉండారు. అంతకన్నా ఘోరం ఏందంటే స్పేస్‌ఎక్స్ లాంచ్‌లప్పుడు ఎలాన్ మస్క్ మొహం గొంతు ఏఐతో తయారుచేసి, ఆ పక్కనే క్యూఆర్ కోడ్ పెట్టి, ఇంత క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి ఆన్‌లైన్ డబ్బు) పంపితే రెట్టింపు పంపుతాం అని మోసం చేసే నకిలీ లైవ్‌లు నడిచాయి, అది అందరికీ తెలిసిందే. మనోళ్ళలో పన్నెండేళ్ళు దాటిన పిల్లోడి చేతికి అమ్మ ఫోను ఉంటే, అందులో యూపీఐ ఉంటే, స్కాన్ చేసి చూద్దాం అనుకోవడానికి ఎంతసేపు. అట్టాంటిది ఎప్పుడన్నా జరిగి డబ్బు పోతే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

నన్నడిగితే దూరదర్శన్లో వేస్తా ఉంటే అదే పెట్టుకో. నవ్వొద్దు. దాంట్లో చాట్ ఉండదు, అది అయిపోయాక దయ్యాల వీడియో రాదు. పెద్ద లాంచ్‌లు వేస్తారు, చిన్నవాటికి మాత్రం ముందే చూసుకో. యూట్యూబే అయితే ఆటోప్లే ఆపెయ్యి, లైవ్ చాట్ కనపడకుండా పెద్ద స్క్రీన్ చేసెయ్యి, పిలకాయలకి పనికిరాని వీడియోల్ని వడకట్టే రిస్ట్రిక్టెడ్ మోడ్ కూడా ఆన్ చెయ్యి కానీ దాన్ని నమ్ముకొని కూర్చోవద్దు. ఆ చాట్ ఉంది చూడు, నిమిషానికి వందల మెసేజులు పరిగెడతా ఉంటాయి, జైహింద్‌లు జిందాబాద్‌లతో పాటు బూతులూ మతాల కొట్లాటలూ లింకులూ అన్నీ అందులోనే, చదవడం కొత్తగా నేర్చుకున్న పిలకాయలు ముందు చదివేది అదే, పైగా గట్టిగా బయటికి చదువుతారు.

ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపితే నీ వాట్సాప్ మెసేజులు మూలన టపీమని పడతాయి, నోటిఫికేషన్లు ఆపి పెట్టు. మా తెలిసినోళ్ళింట్లో ఒకసారి అట్టే కలిపి అందరూ చూస్తా ఉంటే అత్తగారి మీద చెల్లెలు పంపిన మెసేజ్ టీవీ మీద పడింది, అత్తగారు ముందు వరసలోనే కూర్చోనుండారు, ఇంక చెప్పేదేముంది. ఇంకోటి, వచ్చిన పిలకాయలకి వైఫై పాస్‌వర్డ్ ఇవ్వొద్దు, ఇస్తే ఎవడో ఒకడు వాడి ఫోన్లోది నీ టీవీ మీదకి కాస్ట్ చేస్తాడు, చేయడానికి ఒక్క నొక్కుడు చాలు. తలుపు దగ్గర ఒక బుట్ట పెట్టు, ఫోన్లు అందులో. ముందే వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పు, వాళ్ళు చెప్పి పంపిస్తే పిలకాయలు గొణగరు.

లైవ్ అంటే అచ్చంగా లైవ్ కాదని నీకు తెలుసో లేదో. నెట్‌లో వచ్చేది పది సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం వెనక ఉంటుంది. మా మిద్దె మీద ఆకాశంలో రాకెట్ లేస్తా ఉంటే చేతిలో ఫోన్లో ఇంకా అంకెలు లెక్కపెడతా ఉండాయి. ఆ రోజు చంద్రయాన్‌కి కూడా ఎదురింట్లో డిష్ టీవీలో ముందొచ్చేసి వాళ్ళు కేకలేశారు, మా పిలకాయల మొహాలు చూడాలి. కిటికీలు మూసేసుకో, నీ ఫోన్ సైలెంట్లో పెట్టుకో, లేకపోతే నేనే ఫోన్ చేసి చెడగొట్టేస్తా.

మీ నెల్లూరు నుంచి కూడా ఆకాశం తేటగా ఉంటే రాకెట్ కనపడుతుంది కాబట్టి, లేచిందో లేదో పిలకాయలంతా మిద్దె మీదకి పరిగెత్తుతారు, ఇది మాత్రం కచ్చితంగా జరుగుతుంది, రాసిపెట్టుకో. అపార్ట్‌మెంట్ మెట్లు, చీకటి, పిట్టగోడ ఎత్తెంతో, నీళ్ళ ట్యాంకు మీదకి నిచ్చెన ఉందో ఏమో. రెండే దార్లు, మిద్దె తలుపుకి తాళం వేసి తాళంచెవి నీ దగ్గర పెట్టుకో, లేదంటే అసలు టీవీ వద్దు, ముందు నుంచే నలుగురు పెద్దోళ్ళు పిట్టగోడ పక్కన నిలబడి అందర్నీ మధ్యలో కూర్చోబెట్టి మిద్దె మీదే చూపించు. సగం ఇది సగం అది అంటే కుదరదు. నేనైతే తాళమే వేస్తా.

ఇంక అసలు కష్టం, ఎదురుచూడటం. చెప్పిన టైముకి రాకెట్ లేవాలని రూలేం లేదు. 2023 అక్టోబర్ 21 న, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం చేసిన టెస్ట్ గుర్తుందా, పొద్దున 8 గంటలకన్నారు, తర్వాత 8:30 అన్నారు, తర్వాత 8:45, అదీ సరిగ్గా ఐదు సెకన్లుండగా కంప్యూటర్ ఆపేసింది, ఆఖరికి 10 గంటలకి లేచింది. రెండు గంటలు! ఇరవై మంది పిలకాయలు రెండు గంటలు ఒక హాల్లో ఖాళీగా ఉంటే రాకెట్ అక్కర్లేదు, నీ ఇల్లే లేచిపోతుంది. అందుకని లాంచ్‌కి గంట ముందు పిలవొద్దు, ఇరవై నిమిషాల ముందు చాలు, ఆ గ్యాప్‌కి మాత్రం రెండు గంటల పని దాచిపెట్టుకో. అట్ట ముక్కలు, బెలూన్లు, దారం, టేపు. రెండు కుర్చీల మధ్య దారం కట్టి, దానికి స్ట్రా ఎక్కించి, స్ట్రాకి ఊదిన బెలూన్ అంటించి వదిలితే సర్రుమని పోతుంది, గాలి వెనక్కి పోతే బెలూన్ ముందుకి పోయింది కదా రాకెట్ కూడా అంతే అని ఒక్క మాట చెప్తే చాలు, లెక్చర్ ఇవ్వొద్దు. పగిలిన బెలూన్ ముక్కలు మాత్రం ఎప్పటికప్పుడు ఏరెయ్యాలి, చిన్నవాళ్ళు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డంపడి ప్రాణం మీదకొస్తుంది.

ఇంకో పని చెయ్యి, ఒక్కొక్కరికి ఒక్కో డ్యూటీ ఇవ్వు. ఇస్రో పీఎస్ఎల్వీ రాకెట్ అయితే నాలుగు స్టేజీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు భాగాలు, మొదటిదీ మూడోదీ ఘన ఇంధనం, రెండోదీ నాలుగోదీ ద్రవం. నలుగురు పిలకాయలకి నాలుగు స్టేజీలు పంచిపెట్టు, ఎవరి స్టేజీ విడిపోతే వాళ్ళు లేచి అరవాలి. ఆ పావుగంటా ఇరవై నిమిషాలూ ఒక్కడు కదలడు, నువ్వు చూడు. కామెంటరీ ఇంగ్లీషూ హిందీలో ఉంటుంది కాబట్టి సౌండ్ కాస్త తగ్గించి నువ్వే తెలుగులో చెప్తా ఉండు. చంద్రయాన్ అప్పుడు నేను బోర్డు మీద రాశా, 30 కిలోమీటర్ల ఎత్తు, సెకనుకి 1.68 కిలోమీటర్ల వేగం, అది ఎట్టెట్టా తగ్గుతా ఉందో టీవీ చూసి ఒకడు అరుస్తా ఉంటే ఇంకోపిల్ల చెరిపి రాస్తా ఉండాది, ఆ పిల్లకి లెక్కలంటే భయం అసలు.

ఫెయిలయితే ఏం చెప్తావో కూడా ముందే అనుకో. 2019 సెప్టెంబర్ 7 అర్ధరాత్రి దాటాక మా మనవడు నా ఒళ్ళో కూర్చోని చంద్రయాన్-2 లో విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగడం చూశాడు, 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా బాగానే వచ్చి ఆ తర్వాత సిగ్నల్ ఆగిపోయింది, టీవీలో ఇస్రో శాస్త్రవేత్తల మొహాలు చూసి వాడు ఏడవలేదు, "అవ్వా, విక్రమ్‌కి దెబ్బ తగిలిందా" అని అడిగాడు. నేను నిజమే చెప్పా, దెబ్బ తగిలుండొచ్చు, ఎందుకు తగిలిందో వాళ్ళు కనుక్కుంటారు అని. నాలుగేళ్ళకి అదే విక్రమ్ పేరుతో ఇంకోటి దిగినప్పుడు వాడే అందరికన్నా గట్టిగా అరిచింది. 2025 మే 18 తెల్లారుజామున పీఎస్ఎల్వీ కూడా మూడో స్టేజీలో తేడా చేసి పోయింది, దశాబ్దాలుగా నమ్మకంగా ఎగిరిన రాకెట్ అది. అట్టాంటప్పుడు వెంటనే టీవీ కట్టేసి కార్టూన్ పెట్టొద్దు, అట్టని అరగంట చర్చలు కూడా చూపించొద్దు, న్యూస్ చానళ్ళ వైపు అసలు పోవద్దు. "అరె, పోయిందే" అని నువ్వూ బాధపడు, వాళ్ళు అడిగినవాటికి తెలిసినంత చెప్పు, తర్వాత తిండి పెట్టు.

తిండి అంటే గుర్తొచ్చింది. పాప్‌కార్న్, వేరుశనక్కాయలు నాలుగేళ్ళ లోపువాళ్ళకి ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి, అందులోనూ టీవీ చూస్తా నవ్వతా తినేటప్పుడు. ద్రాక్షపళ్ళు నిలువుగా కోసి పెట్టు. ఎవరికి ఏం పడదో వాళ్ళ అమ్మని ముందే అడుగు, వేరుశనక్కాయ పడనివాళ్ళు మన వాళ్ళలో కూడా ఉండారు, మన ఊళ్ళో చట్నీ అంటేనే అది కదా, అందుకని ఇడ్లీ పెడితే కారప్పొడి నెయ్యి పెట్టు. నూనెలో వేయించేవి ఏవైనా పిలకాయలు రాకముందే వేయించి స్టవ్ ఆర్పెయ్యి, నా బజ్జీల కథ చెప్పా కదా.

కరెంటు పోతుంది, మన ఊళ్ళో అది మామూలే. టీవీ ఇన్వర్టర్ మీద ఉన్నా వైఫై డబ్బా లేకపోతే ఏం లాభం, రెండూ చూసుకో. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకొని వీడియో నాణ్యత 480p కి దించితే ఆగకుండా ఆడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు నడిచే దారిలో వద్దు, టీవీ బల్ల మీద ఊరికే నిలబెట్టుంటే వెనక్కి గోడకి కట్టించు, పది మంది ఎగిరితే ఊగుతుంది.

ఫొటోలు తీస్తావు, తియ్యి, కానీ స్టేటస్ పెట్టేముందు ఆ పిల్ల తల్లిని అడుగు. అందరూ సరే అనరు, కొందరి ఇళ్ళల్లో మనకి తెలియని కారణాలు ఉంటాయి. నేనైతే వెనకనుంచి టీవీ వైపు చూస్తున్న తలకాయలే తీస్తా, అదే బాగుంటుంది కూడా. పిలకాయల్ని ఎవరు తీసుకుపోతారో పేపర్ మీద రాసుకో, "నేను వాళ్ళ బాబాయిని" అని ఎవరొచ్చినా ఆ పేపర్లో లేకపోతే తల్లికి ఫోన్ చేశాకే పంపు, ఎవరేమనుకున్నా సరే. పడకగది తలుపులు మూసెయ్యి, అందరూ హాల్లోనే, బాత్రూమ్‌కి చిన్నపిల్ల పోతే నువ్వు తోడు పోవాలి, రిమోట్ మనిషి కాదు.

వచ్చేసారి మాత్రం మీరే ఈడికి రండి, షార్ దగ్గర గ్యాలరీలో కూర్చొని చూడొచ్చు, ఆన్‌లైన్లో ముందుగా రిజిస్టర్ చేసుకోవాలంతే, మన గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి.

అన్నట్టు పోయిన నెల మీ ఇంటికొచ్చినప్పుడు చూశా, గోడకి పెట్టిన ఆ రంగుల లైట్ల రిమోట్ వెనక మూత ఊడిపోయి రబ్బరుబ్యాండు చుట్టుండాది, లోపల రూపాయి బిళ్ళంత గుండ్రటి సెల్లు. అది చిన్నోడు మింగితే గంటల్లో లోపలంతా కాలిపోతుంది బుజ్జమ్మా. లాంచ్ దాకా ఆగొద్దు, ఈ లేఖ చదవంగానే లేచి అది తీసి బీరువా పైన పడెయ్యి.

పెద్దమ్మ