అలంపురం నుండి లేపాక్షి దాకా: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన ప్రయాణ పట్టిక శ్రద్ధగా చదివాను. డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడు పది రోజుల్లో ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, కాశీ, హంపి, మదురై అన్నీ చూపించి పిల్లలకు మన వారసత్వం తెలియజెప్పాలన్న నీ తపనను మెచ్చుకోవలసిందే. అయితే ఆ పట్టికలో విమానాశ్రయాలలో గడిచే గంటలు ఎన్నో, గుడి ముందు నిలబడే గంటలు ఎన్నో నీవే ఒకసారి లెక్కవేసి చూడు. మొఘలు సమాధి నుండి కాశీ ఘాట్లకు, అక్కడి నుండి మీనాక్షి అమ్మవారి గోపురాలకు మూడు రోజుల్లో దూకితే, పెద్దవారమైన మనకే ఏ రాజు ముందో, ఏ రాజు వెనకో గుర్తుండదు. పన్నెండేళ్ల మనవరాలికీ తొమ్మిదేళ్ల మనవడికీ ఫొటోలు తప్ప మరేమీ మిగలదు.

నా సలహా ఒక్కటే. దేశమంతా చూపించే ప్రయత్నం మానుకుని ఒకే ఒక కథను ఎంచుకో. ఆ కథ జరిగిన నేల మీద మొదటి నుండి చివరి దాకా పిల్లలను నడిపించు. మనకు దగ్గరలో అటువంటి కథ బాదామి చాళుక్యులతో మొదలై విజయనగరంతో ముగుస్తుంది. సుమారు వెయ్యేళ్ల చరిత్ర అది. కృష్ణా, మలప్రభ, తుంగభద్ర తీరాలలో, కారులో తిరగగలిగిన దూరంలో పరుచుకుని ఉంది. హైదరాబాదులో దిగి అలంపురం, బాదామి, పట్టదకల్లు, ఐహోళె, హంపి, పెనుకొండ, లేపాక్షి చూసుకుని బెంగళూరులో తిరుగు విమానం ఎక్కవచ్చు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లే పని లేకపోవడం ఈ మార్గంలోని మొదటి సుగుణం.

రాత్రి బసలు కర్నూలులో ఒకటి, బాదామిలో మూడు, హోసపేటలో మూడు, అనంతపురంలో ఒకటి అనుకో. మిగిలిన సమయాన్ని ఖాళీగానే ఉంచు. ఎవరికో జ్వరం రావచ్చు, ఎక్కడో మనసు నిలిచిపోయి మరొక పూట ఉండాలనిపించవచ్చు. ఆ ఖాళీని నింపడానికి మరో ఊరు వెతకవద్దు.

కాలక్రమం ప్రకారమైతే బాదామి ముందు, అలంపురం తరువాత. అయినా దారిలో మొదట తగిలేది అలంపురమే కనుక అక్కడే మొదలుపెట్టడం మంచిది. పైగా అది తుంగభద్ర ఒడ్డున, తెలుగు నేల మీద చాళుక్యులు విడిచిపెట్టిన అపురూపమైన నిక్షేపం. నవబ్రహ్మ ఆలయాలని పేరు ఉన్నా అన్నీ శివాలయాలే. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. బాలబ్రహ్మేశ్వరునికి నేటికీ పూజలు జరుగుతున్నాయి, పక్కనే ఉన్న జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటి కనుక మా అక్కయ్య, అంటే మీ అమ్మ, ముందుగా అక్కడికే వెళ్తానంటుంది, వెళ్లనివ్వు. పిల్లలకు మాత్రం స్వర్గబ్రహ్మ ఆలయ శిఖరాన్ని నిదానంగా చూపించు. ఉత్తరాది గుళ్లలో వలె వంపు తిరిగి పైకి లేచే ఆ శిఖరాన్ని మనవరాలి చేత కాగితం మీద గీయించు. ఆ బొమ్మతో పట్టదకల్లులో పని ఉంది. మనవడికి పాపనాశి ఆలయాల సంగతి, కూడవెల్లి సంగమేశ్వరాలయం సంగతి చెప్పు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతాయని ఆ గుళ్లను రాయి రాయిగా విప్పి తెచ్చి, ఎత్తైన చోట తిరిగి నిలబెట్టారు. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి విప్పి బిగించే పిల్లవాడికి అంతకంటె నచ్చే కథ ఉండదు.

మరునాడు రాయచూరు, లింగసుగూరు, ఇలకల్లు మీదుగా బాదామి చేరడానికి పగలంతా పడుతుంది. ఇలకల్లులో మగ్గాలున్నాయి, చీర కొనాలనుకుంటే బాదామి బజారులో కంటె అక్కడ ఆగడం మేలు. రాత్రి ప్రయాణం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టుకోవద్దు.

బాదామికి మూడు రాత్రులు ఎందుకని అల్లుడుగారు అడగవచ్చు. ఈ ప్రయాణానికంతటికీ పునాది అక్కడే ఉంది. చిన్నప్పుడు నీకు అన్నం తినిపించి, పొట్ట నిమురుతూ అక్కయ్య "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేది గుర్తుందా? ఆ వాతాపి పేరు మోసిన ఊరే బాదామి. వాతాపిని జీర్ణం చేసుకున్న మహర్షి పేరుతో అగస్త్య తీర్థమనే చెరువు కొండల నడుమ ఉంది. పిల్లలకు ఆ కథను అక్కయ్యే చెప్పాలి, అదీ ఆ చెరువు గట్టున కూర్చునే చెప్పాలి. కొండను తొలిచిన నాలుగు గుహాలయాలకు మెట్లెక్కాలి. అక్కయ్య మోకాళ్లకు అవి కష్టం కనుక మొదటి గుహ దగ్గర పద్దెనిమిది చేతుల నటరాజును చూపించి దింపేయండి. చెరువు తూర్పు గట్టున ఉన్న భూతనాథాలయం దాకా పెద్దగా ఎక్కుడు లేకుండా వెళ్లవచ్చు. మీరు నలుగురూ మూడవ గుహకు తప్పక వెళ్లండి. కీర్తివర్మ ఏలుబడిలో ఆయన తమ్ముడు మంగళేశుడు క్రీ.శ. 578లో దానిని తొలిపించినట్లు శాసనం అక్కడే ఉంది. మన దేశంలో ఇంత పాత గుడికి ఇంత కచ్చితమైన తేదీ దొరకడం అరుదు. ఆదిశేషునిపై కూర్చున్న విష్ణువు, త్రివిక్రముడు, నరసింహుడు, వరాహమూర్తి ఒక్క వరండాలోనే ఉన్నారు. ఉదయం తొందరగా వెళ్లండి. రద్దీ తక్కువ, కోతులు కూడా కాస్త మర్యాదగా ఉంటాయి. చేతిలో తినుబండారాల సంచి మాత్రం పెట్టుకోకండి.

పట్టదకల్లు బాదామికి సుమారు 22 కిలోమీటర్లు, ఐహోళె సుమారు 35. చాలామంది రెండింటినీ ఒకే రోజులో ముగించి, మధ్యాహ్నానికల్లా అలసిపోయి, చివరి గుళ్లను కారులో నుండే చూస్తారు. రెండింటికీ చెరొక రోజు ఇవ్వు.

ఐహోళెలో అన్నీ చూడాలన్న నియమం పెట్టుకోకు. ఊరి నిండా గుళ్లే, సగం పేర్లు అక్కడివారికే గుర్తుండవు. రావణఫడి గుహలో సప్తమాతృకలతో కలిసి ఆడుతున్న శివుణ్ణి, వెనక భాగం గుండ్రంగా తిరిగిన దుర్గ ఆలయాన్ని చూస్తే చాలు. పల్నాడులోని చేజెర్ల కపోతేశ్వరాలయానికి నిన్ను చిన్నప్పుడు తీసుకువెళ్లాను, అదే ఏనుగు వీపు ఆకారం. ఆ తరువాత అక్కయ్యను నీడలో కూర్చోబెట్టి, గుట్టపైనున్న మేగుటి జైనాలయానికి ఎక్కండి. ఆ గుడి గోడ మీద రవికీర్తి అనే కవి 634లో చెక్కించిన సంస్కృత శాసనం ఉంది. రెండవ పులకేశి హర్షవర్ధనుణ్ణి ఓడించిన సంగతి అందులోదే. తాను కాళిదాసు, భారవులంతటి వాడినని రవికీర్తి గొప్పలు చెప్పుకున్నదీ అందులోనే. కవి గారి అతిశయం మనకు మేలే చేసింది, కాళిదాసు కాలాన్ని లెక్కకట్టే పండితులకు ఆ మాట ఒక గట్టి ఆధారమైంది. పులకేశి పిష్టపురాన్ని జయించాడని కూడా అదే శాసనం చెబుతుంది. ఆ పిష్టపురమే మన పిఠాపురం. ఆ విజయం తరువాత పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో పాలన స్థాపించాడు. ఆ వంశంలోని రాజరాజనరేంద్రుని కొలువులోనే, నాలుగు వందల ఏళ్ల తరువాత, నన్నయ భారతాన్ని తెలుగు చేయడం ఆరంభించాడు. ఎక్కడో కన్నడ దేశపు గుట్ట మీది రాతిగోడకు, మనం చదువుకున్న తొలి తెలుగు పద్యాలకు ఉన్న ఈ బంధాన్ని పిల్లలకు ఆ గోడ ముందు నిలబెట్టి చెప్పు. ఇంట్లో చెబితే పాఠమవుతుంది.

పట్టదకల్లుకు వెళ్లే ముందు రాత్రి ఒక పగ కథ చెప్పి పిల్లలను సిద్ధం చేయాలి. 642లో పల్లవ నరసింహవర్మ వాతాపిని కొల్లగొట్టాడు. సుమారు వందేళ్లకు చాళుక్య రెండవ విక్రమాదిత్యుడు పల్లవుల రాజధాని కంచిలో సైన్యంతో అడుగుపెట్టాడు. అయితే కైలాసనాథాలయాన్ని పాడుచేయకపోగా ఆ దేవుని ధనాన్ని ఆ దేవునికే తిరిగి ఇచ్చి, ఆ మాటను అక్కడి స్తంభం మీద కన్నడంలో చెక్కించాడు. ఆ విజయానికి గుర్తుగా రాణి లోకమహాదేవి పట్టదకల్లులో విరూపాక్షాలయం కట్టించింది. అందులో నేటికీ పూజ జరుగుతోంది. కట్టిన స్థపతి గుండ అనివారితాచారి పేరు కూడా శాసనంలో ఉంది. రాజుల పేర్లు మాత్రమే కాక పనివాని పేరు కూడా మిగిలిందని పిల్లలకు తప్పక చెప్పాలి. ఇక్కడ అలంపురం బొమ్మను బయటికి తీయించు. గళగనాథాలయ శిఖరం ఆ బొమ్మలో ఉన్నట్లే ఉంటుంది, దానికి కొద్ది అడుగుల దూరంలోనే దక్షిణాది పద్ధతిలో గర్భగుడి మీద అంతస్తులుగా లేచిన కట్టడాలు, అంటే విమానాలు ఉంటాయి. రెండు సంప్రదాయాలూ ఒకే ఆవరణలో పక్కపక్కన నిలిచినందుకే 1987లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నేలంతా చదునైన పచ్చిక కనుక అక్కయ్య కూడా హాయిగా తిరగగలదు.

భోజనాల విషయంలో బెంగపడనక్కరలేదు. జొన్నరొట్టె, మన గుత్తివంకాయను పోలిన ఎణ్ణెగాయి, పల్లీల పొడి, పెరుగు ఆ ప్రాంతమంతటా దొరుకుతాయి. బాదామి దగ్గర బనశంకరి గుడి ముందు బుట్టల్లో రొట్టెలు తెచ్చి అమ్మే ఆడవారి దగ్గర ఒక పూట తినండి. పుష్య పౌర్ణమికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. మీ తేదీలు జనవరిలోకి జరిగితే మాత్రం పంచాంగం చూసి, ఆ రోజులు తప్పించుకోండి.

హంపి గురించి ఇప్పటికే చాలా విని ఉంటారు కనుక క్రమం మాత్రమే చెబుతాను. మొదటి రోజు ముందుగా కమలాపురం మ్యూజియంకు వెళ్లి, అక్కడున్న హంపి నమూనా చుట్టూ పిల్లలను తిప్పండి. నగరం ఎంత విస్తారమైనదో అది చూడకపోతే బుర్రకు ఎక్కదు. పురావస్తు శాఖ మ్యూజియంలకు శుక్రవారం సెలవని గుర్తుంచుకో. తరువాత మహానవమి దిబ్బ, హజార రామాలయం. ఆ గుడి గోడల మీద రామాయణం వరుసగా చెక్కి ఉంది. నీవు నోరు విప్పకుండా, కథ ఎక్కడ మొదలై ఎటు సాగుతున్నదో పిల్లలనే వెతుక్కోనివ్వు. లోటస్ మహల్‌కు తీసుకున్న టిక్కెట్టు అదే రోజు విఠ్ఠలాలయానికి కూడా చెల్లుతుంది కనుక ఆ రెండూ ఒక్క రోజున పెట్టుకుని, మధ్యాహ్నం గదిలో విశ్రాంతి తీసుకుని, ఎండ తగ్గాక విఠ్ఠలాలయానికి వెళ్లండి. రాతి రథం వద్ద గుమిగూడే జనాన్ని పక్కన పెట్టి మండపాల పనితనం చూడండి. సంగీత స్తంభాలను మోగించి చూపిస్తానని ఎవరైనా చాటుగా చెబితే వద్దనండి. అది నిషిద్ధం, స్తంభాలకు హాని. మార్గదర్శిని పెట్టుకునేటప్పుడు గుర్తింపు కార్డు అడగడానికి మొహమాటపడవద్దు.

రెండవ రోజు తెల్లవారుజామున హేమకూటం ఎక్కి, దిగి విరూపాక్షుని దర్శించండి. 1510లో కృష్ణరాయలు తన పట్టాభిషేక సందర్భంగా వేయించిన శాసనం ఆ గుడిలోనే ఉంది. ఆ తరువాత కృష్ణాలయం. నెల్లూరు సీమలోని ఉదయగిరి కోటను గెలిచి, అక్కడి బాలకృష్ణుని తెచ్చి, 1515లో ప్రతిష్ఠించిన గుడి అది. నీ అత్తవారిది ఉదయగిరి పక్క ఊరే కనుక అల్లుడుగారు అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడతారనుకుంటాను. దగ్గరలోనే 1528 నాటి ఏకశిలా నరసింహుడు ఉన్నాడు. మూడవ రోజు పుట్టిలో తుంగభద్ర దాటి ఆనెగొంది వైపు వెళ్లవచ్చు. నీటి ఉద్ధృతి ఉంటే పుట్టి మానుకుని వంతెన మీదుగా వెళ్లండి.

1565 తళ్లికోట యుద్ధంలో ఓడిన తరువాత విజయనగర రాజధాని హంపి నుండి పెనుకొండకు మారింది. అందుకే హంపి నుండి నేరుగా బెంగళూరు వెళ్లకుండా అనంతపురం మీదుగా రమ్మంటున్నాను. పెనుకొండలో ఒక గంట చాలు. లేపాక్షికి మాత్రం పూట కేటాయించండి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగే సరదాను పిల్లలు ఎలాగూ వదలరు, కానివ్వు. ఆ తరువాత నాట్యమండపం పైకప్పును చూపించు. అక్కడి చిత్రాలలో కిరాతార్జునీయం ఉంది. అదే కథను కావ్యంగా రాసిన భారవి పేరును మేగుటి గుట్ట మీద వినే ఉంటారు కనుక, ఆ ముడి మనవరాలు తానే విప్పుతుందేమో వేచి చూడు. చిత్రాలలోని చీరల అంచులు నీకూ నచ్చుతాయి.

ఇక ఏర్పాట్లు. ఆరుగురు కూర్చోగల పెద్ద కారును హైదరాబాదు నుండి బెంగళూరు దాకా ఒకే డ్రైవరుతో మాట్లాడుకోవాలి. కర్ణాటక పర్మిట్టు, డ్రైవరు బత్తా, ఖాళీగా తిరిగి వచ్చే బండి ఖర్చు ముందే కాగితం మీద తేల్చుకోవాలి. విదేశాలలో స్థిరపడిన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డులు మీవి చేతిలో ఉంచుకోండి. అవి చూపితే పురావస్తు శాఖ కట్టడాల దగ్గర విదేశీయుల రుసుము కాక భారతీయుల రుసుమే తీసుకుంటారు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు టిక్కెట్టే లేదు. తేలికగా విప్పి తొడుక్కునే చెప్పులు, టోపీలు, ఉదయపు చలికి ఒక్కొక్క స్వెట్టరు చాలు. బాదామిలో మంచి గదులు తక్కువ, డిసెంబరు చివర అవి ముందే నిండిపోతాయి. కనుక నీ విమానపు తేదీలు ఖరారైన రోజే నాకు తెలియజేయి. ముందు బాదామి గదులు, తరువాత హోసపేటవి, ఆ పైన కారు, ఆ వరుసలో మాట్లాడి పెడతాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య