పత్తిలో పేనుబంక: లేని గుడ్లకు మందెందుకు?

ప్రశ్న: రెండెకరాల్లో బీటీ పత్తి వేశాను. పైరు వయసు 50 రోజులు. ఆకుల అడుగున పేనుబంక, పైన జిగురు. ఇమిడాక్లోప్రిడ్ మూడుసార్లు కొట్టినా వారానికే మళ్లీ వస్తోంది. గుడ్లు చావట్లేదు, వాటికి వేరే మందు కలపాలని షాపాయన అంటున్నాడు. పక్క చేలో దోస ఉంది. అక్కడి నుంచి వస్తోందేమో? ఏం కొట్టాలి?
– ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: మన వేడి ప్రాంతంలో పేనుబంక గుడ్లు పెట్టదండీ. మగదానితో పనిలేకుండా ఆడదే నేరుగా పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్ల కడుపులో అప్పటికే మరో తరం తయారవుతుంటుంది. వారం తిరిగేసరికి అదీ తల్లే. పిల్లలన్నీ తల్లికి అచ్చు నకళ్లు కాబట్టి, మందుకు తట్టుకున్న తల్లి ఒక్కటి మిగిలినా చేనంతా దాని వంశమే అవుతుంది. మీ చేలో జరిగింది ఇదేనని నా అనుమానం. బీటీ విత్తనానికి ముందే పట్టించి ఇచ్చేది సాధారణంగా ఇమిడాక్లోప్రిడ్ గ్రూపు మందే. పైన మళ్లీ మూడుసార్లు! అసిటామిప్రిడ్, థయామిథాక్సామ్ కూడా అదే గ్రూపు. డబ్బా మారిస్తే మందు మారినట్టు కాదు.

దోస రైతును తప్పుపట్టకండి. రెంటి మీదా ఉండేది ఒకే జాతి పురుగే, కానీ విదేశాల్లో జన్యు పరీక్షలు చేస్తే దోస మీది వంశాలు, పత్తి మీది వంశాలు చాలావరకు వేరని తేలింది. ఆకు మీద గుంపు కిక్కిరిస్తే రెక్కలున్న పిల్లలు పుడతాయి. వాటిని గాలి మోసుకెళ్తుంది. అంటే మందుకు లొంగని వంశాన్ని ఊళ్లో పత్తికి పంచేది మీ చేనే.

ముందు చేనంతా తిరిగి 20 మొక్కలు చూడండి. ముడుచుకున్న ఆకులు, గుంపులు మూడు నాలుగు మొక్కల్లో కూడా లేకపోతే కొట్టొద్దు. అక్షింతల పురుగులు బాగా కనిపిస్తే నాలుగైదు రోజులు ఆగండి, పేనుబంకను అవే తింటాయి. మూడు నాలుగు మొక్కలకు మించితే ఎకరాకు ఫ్లోనికామిడ్ 50 డబ్ల్యూజీ 60 గ్రాములు 200 లీటర్ల నీటిలో కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా ఒక్కసారే కొట్టండి. 15 రోజుల తర్వాత కూడా ఉంటే డయాఫెంథియురాన్ 50 డబ్ల్యూపీ 250 గ్రాములు. రెండూ కలపకండి. షాపాయన "గుడ్ల మందు" పేరుతో సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు అంటగడితే తీసుకోకండి. దాంతో ముందు చచ్చేవి అక్షింతల పురుగులే, ఆ తర్వాత పేనుబంక ఇంకా పెరుగుతుంది. డబ్బా మీద సాంకేతిక నామం (లోపలున్న అసలు మందు పేరు) చదివాకే డబ్బులివ్వండి.

యూరియా ఎంత వేశారో రాయలేదు. ఆకు లేతగా, ముదురు పచ్చగా ఉంటే పేనుబంకకు పండగే. 60 రోజుల దఫాలో ఎకరాకు 25–30 కిలోలు దాటనివ్వకండి. గట్ల మీద తుత్తురుబెండ కలుపు ఉంటే ఈ వారమే పీకేయండి, పేనుబంక దాని మీదా బతుకుతుంది.