లేబుల్ మీద పాత జిల్లా పేరు కొట్టేయాలా?

ప్రశ్న: నర్సంపేట వైపు ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తానండి. మా బీరువాలో పాత హెర్బేరియం షీట్లు (ఎండబెట్టిన మొక్కను అంటించి, వివరాల లేబుల్ పెట్టిన కాగితాలు) చాలా ఉన్నాయి. కొన్నింటి మీద ‘తాడ్వాయి, వరంగల్ జిల్లా’ అని ఉంది, ఇప్పుడది ములుగు జిల్లా. కంప్యూటర్‌లో ఎక్కించే ముందు లేబుళ్లు సరిచేయమంటారా? ఇంకో మాట, ఫోన్‌లో ఫొటో ఉంటే చాలదా, ఇంకా మొక్కను ఎండబెట్టడం ఎందుకని పిల్లలు అడుగుతున్నారు.

జవాబు: దయచేసి ఆ లేబుళ్ల మీద పెన్ను పెట్టకండి. ఏం రాసి ఉందో అక్షరం మార్చకుండా, స్పెల్లింగ్ తప్పుతో సహా ఒక గడిలో ఎక్కించి, ఇప్పటి మండలం, జిల్లా పక్క గడుల్లో రాయండి. మన దగ్గర జిల్లాలు ఎన్నిసార్లు మారాయో మీకు తెలియంది కాదు. 1953లో ఖమ్మం విడిపోయింది, 2016 అక్టోబరులో మిగిలిన వరంగల్ ముక్కలైంది, తాడ్వాయి భూపాలపల్లిలోకి వెళ్లి 2019లో ములుగులోకి వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్‌కేమో వరంగల్ పేరు వచ్చింది. అందుకని ‘వరంగల్ జిల్లా’ అంటే ఏ వరంగల్లో తేదీ చూస్తేనే తెలుస్తుంది. పైగా కామారెడ్డి జిల్లాలోనూ ఒక తాడ్వాయి ఉంది! పాత జిల్లా పేరు కొట్టేస్తే రెండింటిలో ఏదో తేల్చుకునే ఆధారం పోయినట్టే.

ఊరి పేరు ఒక్కటే ఉన్న షీటుకు ఊరి అక్షాంశ రేఖాంశాలు పెట్టొచ్చు, కానీ అది అంచనా అని, ఎన్ని కిలోమీటర్లు అటూఇటూ కావచ్చో కూడా రాయాలి. లేకపోతే అడవిలో కోసిన మొక్క ఊరి నడిమధ్యలో దొరికిందని తర్వాతివాళ్లు నమ్మేస్తారు. మొక్క పేరు విషయంలోనూ అంతే. తంగేడును ఒకప్పుడు కేసియా ఆరిక్యులేటా అనేవాళ్లం, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అంటున్నాం. పాతపేరు ఉంచేసి, కొత్తపేరు, మీ పేరు, తేదీ రాసిన చిన్న చీటీ పక్కన అంటించండి.

ఫొటో తీయమనే చెప్పండి, ఎండితే పోయే రంగు అందులో ఉంటుంది. కానీ ఆకు అడుగున నూగు ఎలా ఉందో, పువ్వు విప్పితే లోపల ఏముందో చూడాలంటే మొక్కే కావాలి, అందులోనూ గడ్డిజాతుల్ని ఫొటో చూసి తేల్చడం చాలా కష్టం.

పిల్లలతో మోదుగ చేయించండి. ఫిబ్రవరి, మార్చిలో చెట్టంతా నారింజరంగు పూలుంటాయి గానీ ఆకు దాదాపు ఉండదు. పూలకొమ్మ కోసి, చెట్టుకు గుర్తు కట్టి, ఆకు వచ్చాక అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లి ఆకు, కాయ తేవాలి. దానికి కొత్త సేకరణ నంబరిచ్చి (కోసిన ప్రతిసారీ కోసినవాళ్లు వరసగా వేసుకునే నంబరు), రెండు లేబుళ్ల మీదా ఒకదాని నంబరు ఇంకోదానిపై రాయాలి. ఎండిన మోదుగ పువ్వు గోధుమరంగులోకి దిగిపోతుంది కాబట్టి రంగు, చెట్టు ఎత్తు, నేల, తేదీ, అక్కడివాళ్లు పిలిచే పేరు (కోయలో చెప్పారా, గోండిలోనా, తెలుగులోనా అన్నది కూడా) చెట్టు కిందే నోట్‌బుక్‌లో రాయించండి. బస్సులో గుర్తు చేసుకుని రాద్దాం అంటే ఒప్పుకోకండి. ఎవరి సేకరణ నంబర్లు వాళ్లవే, ఏడాది మారినా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టకూడదు.

వానాకాలంలో మాత్రం మొక్కను మధ్యలో పెట్టి ఆరబెట్టే న్యూస్‌పేపర్లు రోజూ మార్చాల్సిందే, లేకపోతే బూజు పడుతుంది. అన్నట్టు, పాత షీట్లను పిల్లల చేతికివ్వకండి. ఒకప్పుడు పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ అనే విషపు పాదరసం మందు పూసేవాళ్లు, ఆ పాదరసం ఇప్పటికీ ఉండొచ్చు. మీరు కూడా గ్లోవ్స్ వేసుకుని, గాలి ఆడేచోట పట్టుకోండి.

ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ లాంటి అభయారణ్యాలకు వెళ్లాలంటే ముందు అటవీశాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి. చిన్న మొక్క ఒక్కటే కనిపిస్తే పీకకండి, ఫొటో, నోట్సు చాలు. దండిగా ఉన్నచోట ఒకే నంబరుతో రెండు మూడు షీట్లు చేసి, ఒకటి హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రానికో, కాకతీయ యూనివర్సిటీ బోటనీ విభాగానికో ముందుగా అడిగి పంపండి, మీ బీరువాకు చెద పట్టినా ఆ రికార్డు ఇంకోచోట ఉంటుంది.