యుద్ధం వస్తే ‘భూభారం’ తగ్గుతుందా?

ప్రశ్న: టీవీలో యుద్ధం వార్తలొచ్చినప్పుడల్లా మా మామయ్యగారు “పోనీలే, భూభారం తగ్గుతుంది” అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. నిజంగానే యుద్ధం జరిగిన చోట జనాభా తగ్గిపోతుందా అండీ?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కొన్నిచోట్ల తగ్గుతుందమ్మా, కానీ మామయ్యగారు అనుకుంటున్నట్టు కాదు. చాలాసార్లు జనం చచ్చిపోవడం కన్నా పారిపోవడమే లెక్క మార్చేస్తుంది.

శ్రీలంకనే చూడండి. జాఫ్నా జిల్లాలో 1981లో దాదాపు 7.4 లక్షల మంది ఉండేవాళ్ళు. 1983లో ప్రభుత్వానికీ, ఎల్‌టీటీఈ అనే తమిళ పులులకీ మధ్య మొదలైన యుద్ధం 2009 దాకా సాగింది, ఆ తర్వాత 2012లో లెక్కపెడితే తేలింది 5.8 లక్షలే. దేశం మొత్తం మీద మాత్రం అదే కాలంలో జనాభా 1.48 కోట్ల నుంచి 2.03 కోట్లకు పెరిగింది! చనిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు, కాదనను. కానీ కొలంబోకి, తమిళనాడుకి, కెనడాకి వెళ్ళిపోయినవాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువ. 1990లో ఎల్‌టీటీఈ అయితే ఉత్తరాది ముస్లింలను కట్టుబట్టలతో తరిమేసింది. మధ్యలో 1991 జనాభా లెక్కలు అసలు జరగనే లేదు.

అంత దూరం ఎందుకు, బస్తర్ మనకి పక్కనే. 2005లో మావోయిస్టుల మీదకి ప్రభుత్వ అండతో సల్వాజుడుం దళాలు మొదలయ్యాక అటు జుడుం, ఇటు మావోయిస్టులు, మధ్యలో నలిగిన గొత్తికోయ గిరిజనులు ఊళ్ళు వదిలేసి భద్రాచలం వైపు అడవుల్లోకి వచ్చేశారు. 2001 నుంచి 2011 లోపు ఛత్తీస్‌గఢ్ జనాభా 22.6 శాతం పెరిగితే బీజాపూర్ జిల్లాలో పెరుగుదల 9 శాతం కూడా లేదు. అక్కడ తగ్గిన మనుషులు ఇక్కడ మిరప కోతల్లో కనిపిస్తారు.

కాన్పుల సంగతి వేరు. మగవాళ్ళు యుద్ధంలో ఉంటే పెళ్ళిళ్ళు, పురుళ్ళు ఆగుతాయి, తిరిగొచ్చాక ఒక్కసారిగా పెరుగుతాయి. అసలు తిరిగి రాకపోతే? రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాక కూడా, 1959లో సోవియట్ యూనియన్‌లో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు 2 కోట్లకు పైగా ఎక్కువున్నారు. కాంగోలో మాత్రం తూర్పున ఏళ్ళ తరబడి పోరు నడుస్తున్నా దేశ జనాభా పెరుగుతూనే ఉంది, పల్లెల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళతో గోమా నగరం ఉబ్బిపోయింది.

మామయ్యగారితో వాదన పెట్టుకోకండి. 1942 ఏప్రిల్లో జపాన్ వాళ్ళు విశాఖ మీద బాంబులేసినప్పుడు అక్కడా, మద్రాసులోనూ జనం ఊళ్ళు వదిలి పరుగెత్తారు. వాళ్ళింట్లో పెద్దవాళ్ళెవరైనా అలా సామాన్లు సర్దుకుని వచ్చారేమో, ఓసారి అడిగి చూడండి.